ల్యాప్‌టాప్ పోతే ఏది మిగలాలి: ఎన్‌క్రిప్షన్, బ్యాకప్, తాళం, ట్రాకర్, బీమాల మధ్య ఎంపిక

ల్యాప్‌టాప్ భద్రత పేరుతో దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ అమ్ముడయ్యేవి చాలానే ఉన్నాయి. కేబుల్ తాళాలు, బ్యాగులో వేసుకునే ట్రాకర్లు, జాడ పట్టే సాఫ్ట్‌వేర్లు, బీమా పాలసీలు, క్లౌడ్ నిల్వ, డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డిస్కులోని ఫైళ్లను కీ లేకుండా చదవలేని రూపంలోకి మార్చడం) అన్నిటినీ ఒకే గాటన కట్టి చూపించడం వల్ల, ఒకటి ఉంటే రెండోది అక్కరలేదన్న అభిప్రాయం చాలామందిలో ఏర్పడింది. కానీ ల్యాప్‌టాప్ పోయినప్పుడు జరిగే నష్టం ఒకటి కాదు, మూడు. యంత్రం ఖరీదు పోవడం మొదటిది. అందులో తప్ప మరెక్కడా లేని ఫైళ్లు శాశ్వతంగా దూరం కావడం రెండోది. ఆ ఫైళ్లు ముక్కూమొహం తెలియని వాళ్ల చేతుల్లో తెరుచుకోవడం మూడోది. తాళం, ట్రాకర్, బీమా మొదటి నష్టానికి సంబంధించినవి. రెండోదానికి మందు బ్యాకప్ ఒక్కటే. మూడోదాన్ని ఎన్‌క్రిప్షన్ తప్ప మరేదీ ఆపలేదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. చేతిలో డబ్బు తక్కువగా ఉన్నా, ఇందుకోసం ఒక్క సాయంత్రం మాత్రమే కేటాయించగలిగినా, మొదట చేయవలసినవి ఎన్‌క్రిప్షన్, బ్యాకప్. ఈ రెండూ జంటగానే జరగాలి, ఎందుకంటే బ్యాకప్ లేని ఎన్‌క్రిప్షన్ ఒక్కోసారి యజమానికే తలుపు మూసేస్తుంది. తాళం, ట్రాకర్, బీమా ఆ తరవాతి మాట. చాలామంది ఈ వరుసను తలకిందులుగా పాటిస్తున్నారు. ఫోన్ పోతే జాడ పట్టవచ్చన్న అలవాటుతో ల్యాప్‌టాప్‌కు కూడా ముందు ట్రాకర్ కోసమే వెతుకుతున్నారు.

లాగిన్ పాస్‌వర్డ్ ఎందుకు సరిపోదు

విండోస్ పాస్‌వర్డ్ పెట్టుకున్నాం కదా, ఎవరు తెరుస్తారు అన్నది తరచూ వినిపించే ప్రశ్న. ఆ పాస్‌వర్డ్ కాపలా కాసేది విండోస్‌ను మాత్రమే, డిస్కును కాదు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి అడుగు పలక మరలు విప్పితే లోపల 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు ఉన్న ఎస్‌ఎస్‌డీ, అంటే ఫైళ్లన్నీ ఉండే డిస్కు, ఒకే ఒక్క చిన్న మరతో బిగించి కనిపిస్తుంది. దాన్ని తీసి యూఎస్‌బీ కేసులో పెడితే బయటి హార్డ్ డిస్కులా మరో కంప్యూటర్‌కు తగిలించవచ్చు. అలాంటి కేసులు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఏ దుకాణంలో అడిగినా దొరుకుతాయి. అలా తగిలించి మీ పేరున్న ఫోల్డర్ మీద నొక్కితే, దీన్ని తెరిచే అనుమతి మీకు లేదని విండోస్ ఒక చిన్న పెట్టె చూపిస్తుంది. ఆ పెట్టెలోనే కొనసాగించే బటన్ కూడా ఉంటుంది. అది నొక్కితే ఆ రెండో కంప్యూటర్ అడ్మినిస్ట్రేటర్‌కు అనుమతి వచ్చేస్తుంది, మీ ఆధార్ కాపీలు, జీతం స్లిప్పులు, ఇంటి ఫొటోలు అన్నీ తెరుచుకుంటాయి. ఇందులో హ్యాకింగ్ ఏమీ లేదు. పాడైన ల్యాప్‌టాప్ నుంచి డేటా బయటికి తీయడానికి రిపేరు చేసేవారు రోజూ చేసే పనే ఇది.

డేటా బయటపడే అవకాశమే ఎంత ఖరీదవుతుందో చెప్పడానికి 2006 నాటి ఉదాహరణ ఇప్పటికీ సరిపోతుంది. ఆ ఏడాది మే నెలలో అమెరికా మాజీ సైనికుల వ్యవహారాల శాఖ ఉద్యోగి ఒకరి ఇంట్లో, మేరీల్యాండ్‌లో, దొంగలు పడి ల్యాప్‌టాప్‌నూ దానికి తగిలించే బయటి డిస్కునూ ఎత్తుకుపోయారు. అందులో సుమారు 2.65 కోట్ల మంది పేర్లు, పుట్టిన తేదీలు, సోషల్ సెక్యూరిటీ నంబర్లు ఎన్‌క్రిప్షన్ లేకుండా ఉన్నాయి. జూన్ నెలాఖరుకు ఆ యంత్రం దొరికింది. డేటాను ఎవరూ తెరిచిన ఆనవాళ్లు లేవని ఎఫ్‌బీఐ పరీక్షలో తేలింది. అయినా ఆ శాఖ 2009లో రెండు కోట్ల డాలర్లు చెల్లించి కోర్టు వ్యాజ్యాన్ని పరిష్కరించుకోవలసి వచ్చింది. యంత్రం తిరిగి రావడం వేరు, డేటా భద్రంగా ఉండడం వేరు అనడానికి ఇంతకంటే స్పష్టమైన రుజువు అక్కరలేదు.

ఎన్‌క్రిప్షన్‌లో ఏది ఎవరికి

ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి. ఎన్‌క్రిప్షన్‌కు డబ్బు పెట్టవలసిన అవసరం సాధారణ వినియోగదారుకు దాదాపు లేదు. చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ సదుపాయం ఇప్పటికే ఉంది. దాన్ని ఆన్ చేశామా లేదా అన్నదే ప్రశ్న.

విండోస్‌లో రెండు రకాలు ఉన్నాయి. ప్రో ఎడిషన్‌లో మైక్రోసాఫ్ట్ సొంత ఎన్‌క్రిప్షన్ సాధనం బిట్‌లాకర్ పూర్తిగా ఉంటుంది. హోమ్ ఎడిషన్‌లో దాని తేలికపాటి రూపం డివైస్ ఎన్‌క్రిప్షన్ అనే పేరుతో, హార్డ్‌వేర్ అనుకూలిస్తే, సెట్టింగ్స్‌లోని ప్రైవసీ అండ్ సెక్యూరిటీ భాగంలో కనిపిస్తుంది. మన దగ్గర విద్యార్థులు, కుటుంబాలు కొనే ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండేది హోమ్ ఎడిషనే కనుక మొదట చూడవలసిన చోటు అదే. ఇక్కడ ఒక చిక్కు ఉంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా లోకల్ అకౌంట్‌తో వాడుతున్న యంత్రంలో డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయినట్టే కనిపించినా, ఆ అకౌంట్‌తో లాగిన్ అయి రికవరీ కీ (డిస్కును తెరిచే అత్యవసర సంఖ్య) భద్రపడే దాకా రక్షణ అమలులోకి రాదు. తాళం వేసి తాళం చెవి తలుపుకే వదిలేసినట్టు ఉంటుంది పరిస్థితి. ప్రో వాడేవారు మరో సంగతి గమనించాలి. బిట్‌లాకర్‌ను ఒక్కో డ్రైవుకు విడిగా ఆన్ చేయాలి. సీ డ్రైవుకు చేసి ఊరుకుంటే, అసలు పనంతా దాచుకునే డీ డ్రైవు బట్టబయలుగానే ఉండిపోతుంది.

రికవరీ కీ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఎన్‌క్రిప్షన్ వల్ల నష్టపోయిన వారిలో చాలామంది దొంగల వల్ల కాక దీనివల్లే నష్టపోయారు. ఇది 48 అంకెల సంఖ్య. బయాస్ (విండోస్ కంటే ముందు నడిచే మూల ప్రోగ్రాం) అప్‌డేట్ జరిగినా, మదర్‌బోర్డు మార్చినా, బూట్ సెట్టింగులు మారినా విండోస్ నీలం తెర చూపించి ఆ 48 అంకెలూ అడగవచ్చు. అవి లేకపోతే కంపెనీ సర్వీస్ సెంటర్ కూడా చేయగలిగింది ఏమీ లేదు, డిస్కును చెరిపేసి కొత్తగా మొదలుపెట్టడమే. డివైస్ ఎన్‌క్రిప్షన్‌లో ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళుతుంది. అయితే దుకాణంలో ల్యాప్‌టాప్ మొదటిసారి ఆన్ చేసి ఇచ్చినప్పుడు ఎవరి మెయిల్ ఐడీతో అకౌంట్ తెరిచారన్నది చాలామందికి గుర్తుండదు. కొన్నిసార్లు అది దుకాణదారు అప్పటికప్పుడు సృష్టించిన ఐడీ కూడా కావచ్చు. కాబట్టి ఈరోజే అకౌంట్‌లోకి వెళ్లి కీ కనబడుతోందో లేదో చూసుకుని, ఒక కాపీ కాగితం మీద ముద్రించి ఇంట్లో బీరువాలో, పట్టాదారు పుస్తకాలూ సర్టిఫికెట్లూ పెట్టే చోట దాచాలి. ఆ కాగితాన్ని ల్యాప్‌టాప్ బ్యాగులో మాత్రం పెట్టకూడదు.

మ్యాక్ వాడేవారి పని ఇంతకంటే సులువు. ఆపిల్ టీ2 భద్రతా చిప్ ఉన్న మ్యాక్‌లలోనూ, 2020లో వచ్చిన ఎం1 మొదలుకొని ఆపిల్ సొంత చిప్‌లున్న వాటిలోనూ డిస్క్ ఎప్పుడూ ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది. కానీ మ్యాక్‌లోని ఎన్‌క్రిప్షన్ సదుపాయం ఫైల్‌వాల్ట్ ఆన్ చేస్తేనే ఆ తాళం మీ పాస్‌వర్డ్‌తో ముడిపడుతుంది. అది ఆన్ చేయడానికి ఆ యంత్రాల్లో గంటల తరబడి ఆగవలసిన పని లేదు. దీనితో పాటు జాడ పట్టే ఫైండ్ మై ఆన్ చేస్తే యాక్టివేషన్ లాక్ కూడా వస్తుంది. దొంగ డిస్కును చెరిపినా మీ ఆపిల్ అకౌంట్ పాస్‌వర్డ్ లేకుండా ఆ మ్యాక్‌ను తిరిగి వాడలేడు. మామూలు విండోస్ ల్యాప్‌టాప్‌లకు ఇలాంటి అడ్డు లేదు, ఫార్మాట్ చేస్తే కొత్తదానిలా అమ్ముడుపోతుంది. రెండిటి మధ్య భద్రతపరంగా నాకు కనిపించే పెద్ద తేడా ఇదే.

లినక్స్ వారికి లక్స్ అనే డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఉంది. ఉబుంటు ఇన్‌స్టాల్ చేసేటప్పుడే దాన్ని ఎంచుకోవడం మంచిది, తరవాత చేర్చడం సాధారణ వినియోగదారుకు కష్టమైన పని. ఇందులో మీ కోసం కీ దాచిపెట్టే కంపెనీ ఏదీ ఉండదు కనుక, రెండో పాస్‌ఫ్రేజ్‌ను (పొడవైన పాస్‌వర్డ్‌ను) మరో కీ స్లాట్‌లో పెట్టుకుని, లక్స్ హెడర్ (కీ సమాచారం ఉండే డిస్కు మొదటి భాగం) కాపీని విడిగా భద్రపరచుకోవాలి. టీపీఎం (ఎన్‌క్రిప్షన్ కీని దాచే) చిప్ లేని పాత విండోస్ యంత్రాలకు, ఒకే డిస్కును విండోస్‌లోనూ లినక్స్‌లోనూ తెరవాల్సిన వారికి వెరాక్రిప్ట్ అనే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. అది ఉచితం. దానికి మూలమైన ట్రూక్రిప్ట్‌ను తయారు చేసినవారు 2014లోనే ఆ పని ఆపేశారు కనుక, పాత వ్యాసాలు చదివి ఇప్పుడు ట్రూక్రిప్ట్ దించుకోవద్దు. యంత్రంలోనే బిట్‌లాకరో ఫైల్‌వాల్టో ఉన్నప్పుడు మాత్రం నేను దాన్నే ఎంచుకుంటాను. అప్‌డేట్లు వచ్చినప్పుడు తక్కువ ఇబ్బంది పెట్టేది అదే.

ఇతరుల రహస్యాలు మోసేవారు, అంటే ఆడిటర్లు, న్యాయవాదులు, వైద్యులు, పరిశోధకులు, ఒక మెట్టు పైకి వెళ్లాలి. మామూలు అమరికలో ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే టీపీఎం చిప్ డిస్కును తనంతట తానే తెరిచి లాగిన్ తెర దాకా తీసుకువస్తుంది. ప్రో ఎడిషన్‌లో, విండోస్ మొదలవక ముందే పిన్ అడిగేలా అమర్చుకోవచ్చు. ప్రతిసారీ ఒక పిన్ ఎక్కువ కొట్టాలి, అంతే. ప్రయాణంలో మూత మూసి స్లీప్‌లో వదలకుండా షట్‌డౌన్ గానీ హైబర్నేట్ (తెరిచి ఉన్న పనిని డిస్కులో దాచి యంత్రాన్ని ఆపేయడం) గానీ చేయడం కూడా వీరు అలవాటు చేసుకోవాలి. స్లీప్‌లో ఉన్నంతసేపూ డిస్క్ కీ మెమరీలోనే ఉంటుందని, దాన్ని బయటికి లాగవచ్చని ప్రిన్స్‌టన్ పరిశోధకులు 2008లోనే చూపించారు. బస్టాండులో బ్యాగు లాక్కుపోయేవాడు ఆ పని చేయడు గానీ, డేటా కోసమే వచ్చేవాడు చేయవచ్చు.

బ్యాకప్: క్లౌడా, హార్డ్ డిస్కా

క్లౌడ్ నిల్వకు ఉన్న గొప్ప గుణం అది మీతో పాటు బస్సు ఎక్కకపోవడం. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ జీమెయిల్, ఫొటోలు, డ్రైవ్ మూడిటికీ కలిపి. వన్‌డ్రైవ్‌లో ఉచితం 5 జీబీ. ప్రాజెక్టు రిపోర్టులకు, రెజ్యూమేలకు, కాగితాల స్కాన్లకు ఇది చాలు, ఫొటోలకు చాలదు. అయితే వన్‌డ్రైవ్ తనంతట తాను పట్టించుకునేది డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి కొన్ని ఫోల్డర్లను మాత్రమే. మన వాళ్ల అలవాటు వేరు. ముఖ్యమైనవన్నీ డీ డ్రైవులో సొంత పేరుతో ఫోల్డర్ పెట్టి దాచుకుంటారు. లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ ప్రైమ్‌లోని కంపెనీ డేటా సాధారణంగా పబ్లిక్ ఫోల్డర్ కింద ఉంటుంది. డీటీపీ చేసేవారు అను ఫాంట్లతో కూర్చిన పుస్తకాల పేజ్‌మేకర్ ఫైళ్లు ఇంకెక్కడో ఉంటాయి. వన్‌డ్రైవ్ గుర్తు మీద పచ్చటి టిక్కు కనిపిస్తుంది, అన్నీ భద్రంగా ఉన్నాయని మనం అనుకుంటాం, పదేళ్ల లెక్కలు మాత్రం ఆ యంత్రంలోనే ఉండిపోతాయి. బ్యాకప్ పెట్టుకునే ముందు, ఈ యంత్రం ఈ క్షణంలో మాయమైతే నాకు ఏ ఫైలు లేక పని ఆగిపోతుందని అడిగి, అది నిజంగా ఎక్కడ ఉందో వెతికి చూడాలి.

పైగా సింక్ వేరు, బ్యాకప్ వేరు. సింక్ అయ్యే ఫోల్డర్‌లో ఒక ఫైలు చెరిపితే క్లౌడ్‌లోనూ చెరిగిపోతుంది. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో 30 రోజులు ఉండి ఆ తరవాత పోతుంది. లాగిన్ అయి తెరిచి ఉన్న ల్యాప్‌టాప్ చేజిక్కించుకున్నవాడు మీ క్లౌడ్ ఫైళ్లను కూడా చెరపగలడు. అందువల్ల బయటి హార్డ్ డిస్క్ ఇంకా అవసరమే. కొన్ని వేల రూపాయలతో ఒక టెరాబైట్ డిస్క్ వస్తుంది. నెట్ నెమ్మదిగా ఉన్న ఊళ్లో వందల జీబీల పెళ్లి వీడియోలు, ఫొటోలు దాచుకోవాలంటే దానికి మించినది లేదు.

హార్డ్ డిస్కుతో వచ్చే ప్రమాదం దాన్ని పెట్టే చోటులో ఉంది. చాలామంది ల్యాప్‌టాప్ బ్యాగు తెరిస్తే ముందు జేబులో చార్జరు, పక్కనే బ్యాకప్ డిస్కు, చిన్న జేబులో పెన్‌డ్రైవులు, లోపలి అరలో కొన్న బిల్లు కనిపిస్తాయి. బ్యాగు పోతే అసలూ నకలూ రుజువూ ఒకేసారి పోతాయి. డిస్కు ఇంట్లో ఉండాలి, ల్యాప్‌టాప్ మాత్రమే తిరగాలి. హాస్టల్లో ఉండేవారు దాన్ని ఊళ్లో అమ్మానాన్నల దగ్గర ఉంచి, పండుగకు వెళ్లినప్పుడల్లా కొత్త ఫైళ్లు ఎక్కించుకోవచ్చు, మధ్య కాలానికి క్లౌడ్ ఉంటుంది. ఆ డిస్కును కూడా ఎన్‌క్రిప్ట్ చేయాలి. మ్యాక్‌లో బ్యాకప్ చేసే టైమ్ మెషీన్ ఎన్‌క్రిప్షన్ అడుగుతుంది, సరే అనండి. విండోస్ ప్రోలో బయటి డిస్కుల కోసం బిట్‌లాకర్ టు గో ఉంది. విండోస్ హోమ్ అలాంటి డిస్కును తెరవగలదే గానీ తయారు చేయలేదు కనుక, హోమ్ వారికి ఇక్కడ వెరాక్రిప్ట్ సరైన మార్గం. ఏ పద్ధతి ఎంచుకున్నా, ఒక్కసారి మరో కంప్యూటర్‌లో ఆ బ్యాకప్ నుంచి నాలుగు ఫైళ్లు వెనక్కి తెచ్చి తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్ ఉందో లేదో ఎవరికీ తెలియదు.

తాళం ఎక్కడ పని చేస్తుంది

కెన్‌సింగ్టన్ రకం కేబుల్ తాళానికి ల్యాప్‌టాప్ పక్కన 3 మిల్లీమీటర్ల ఎత్తు, 7 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న చిన్న గాటు కావాలి. పల్చటి మోడళ్లలో కొన్నింటికి అంతకంటే చిన్న నానో గాటు ఉంటుంది, కొన్నింటికి అసలు ఉండదు, మ్యాక్‌బుక్‌లకు ఉండనే ఉండదు. కాబట్టి తాళం కొనేముందు గాటు చూసుకోవాలి. కట్టర్ తెచ్చుకున్న దొంగను ఇది ఆపదు. లైబ్రరీలో, కోవర్కింగ్ ఆఫీసులో, కాలేజీ ల్యాబులో మీరు మంచినీళ్లకు లేచిన రెండు నిమిషాల్లో చేతిలో పట్టుకుని నడిచిపోయేవాడిని ఆపుతుంది. బల్లకు కట్టి పని చేసేవారికి ఆ ఖర్చు దండగ కాదు.

హైదరాబాద్‌లో అమీర్‌పేట, ఎస్సార్ నగర్, మాదాపూర్ హాస్టళ్లలో ఉండేవారికి పరిస్థితి వేరు. అక్కడ ల్యాప్‌టాప్‌లు పోయేది ఎక్కువగా తెల్లవారుజామున, తలుపు దగ్గరగా వేసి ఒకరు స్నానానికి వెళ్లినప్పుడు, మిగతావాళ్లు నిద్రలో ఉన్నప్పుడు. మంచం మీద చార్జింగ్ పెట్టి పడుకోవడం మానేసి, తాళం పడే ఇనుప అల్మారాలో పెట్టడం ఏ కేబుల్ కంటే మెరుగు. రైల్లో కింది బెర్తు అడుగున ఇనుప రింగులు ఉంటాయి. గొలుసు వేసి సూట్‌కేసు కట్టుకోవడానికి అవి పనికొస్తాయి, ల్యాప్‌టాప్ బ్యాగు మాత్రం తల కిందే ఉండాలి. బుక్ చేసి రసీదు తీసుకోకుండా ప్రయాణికుడు తనతో తీసుకెళ్లే సామాను పోతే, రైల్వే సిబ్బంది నిర్లక్ష్యం రుజువైతే తప్ప రైల్వే బాధ్యత ఉండదని 1989 రైల్వే చట్టం 100వ సెక్షన్ చెబుతోంది. కారులో వెనక సీటు మీద బ్యాగు వదలడం ఇంకా ప్రమాదం. కిందపడిన నోట్లు చూపించో, కారు నుంచి ఆయిల్ కారుతోందని చెప్పో దృష్టి మళ్లించే ముఠాలు మన నగరాల్లో ఉన్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో ఉండే మన వాళ్లకైతే కారు అద్దం పగలగొట్టి బ్యాగు లాక్కుపోవడం బాగా తెలిసిన సంగతే. డిక్కీలో పెట్టదలిస్తే బయలుదేరేటప్పుడే పెట్టాలి. గమ్యం చేరాక, అందరూ చూస్తుండగా తీసి పెడితే దాచినట్టు కాదు.

ట్రాకర్ మీద ఎంత ఆశ పెట్టుకోవచ్చు

ఫోన్ల విషయంలో మన ఆశకు ఆధారం ఉంది. 2023 మేలో దేశమంతటా అందుబాటులోకి వచ్చిన సీఈఐఆర్ వ్యవస్థ ద్వారా 15 అంకెల ఐఎంఈఐ నంబరుతో పోయిన ఫోన్‌ను అన్ని నెట్‌వర్కుల్లోనూ ఆపేయవచ్చు. తెలంగాణ పోలీసులు దీని సాయంతో వేల ఫోన్లు పట్టి యజమానులకు అందజేశారు. సిమ్ వేసుకునే సదుపాయం లేని ల్యాప్‌టాప్‌కు ఐఎంఈఐ ఉండదు. కాబట్టి ఆ దారి ల్యాప్‌టాప్‌కు లేదు. ఈ ఒక్క తేడా తెలియకనే చాలామంది పోలీసు స్టేషన్లో ఫోన్ దొరికినట్టే ల్యాప్‌టాప్ కూడా దొరుకుతుందని ఎదురుచూస్తున్నారు.

విండోస్‌లోని ఫైండ్ మై డివైస్ ముందే ఆన్ చేసి ఉంటే, యంత్రం ఇంటర్నెట్‌కు తగిలినప్పుడు చోటు చూపిస్తుంది, దూరం నుంచి లాక్ చేయనిస్తుంది. సొంత ల్యాప్‌టాప్‌లో డేటాను చెరిపే సదుపాయం మాత్రం అందులో లేదు. మ్యాక్ ఇంటర్నెట్‌కు తగలకపోయినా చుట్టుపక్కల ఉన్న ఆపిల్ పరికరాల ద్వారా తన జాడ తెలపగలదు. విడిగా కొనే జాడ సాఫ్ట్‌వేర్లు చాలావరకు డిస్కును ఫార్మాట్ చేయగానే మాయమవుతాయి. ఇక్కడ ఎన్‌క్రిప్షన్‌కూ ట్రాకింగ్‌కూ పొత్తు కుదరని చోటు ఒకటి ఉంది. విండోస్ మొదలవక ముందే పిన్ అడిగేలా పెట్టుకుంటే, దొంగ చేతిలో ఆ ల్యాప్‌టాప్ ఇంటర్నెట్ దాకా వెళ్లదు, కాబట్టి జాడా తెలియదు. జాడ కోసం తలుపు కొంచెం తెరిచి ఉంచమని, గెస్ట్ అకౌంట్ పెట్టమని కొందరు సలహా ఇస్తారు. నేను ఆ సలహా ఇవ్వను. దొరుకుతుందో లేదో తెలియని యంత్రం కోసం డేటాకు ఉన్న రక్షణను తగ్గించుకోవడం సరైన బేరం కాదు.

బ్యాగులో వేసే ట్యాగుల సంగతి చూస్తే, ఐఫోన్ ఉన్నవారికి ఎయిర్‌ట్యాగ్, ఆండ్రాయిడ్ వారికి గూగుల్ నెట్‌వర్కుతో పనిచేసే ట్యాగులు దొరుకుతున్నాయి. ఎవరినీ రహస్యంగా వెంటాడకుండా ఉండేందుకు, తమది కాని ట్యాగు వెంట కదులుతుంటే ఫోన్లు హెచ్చరిస్తాయి. 2024 నుంచి ఐఫోన్, ఆండ్రాయిడ్ రెండూ ఒకదాని ట్యాగులను మరొకటి గుర్తిస్తున్నాయి. అది మంచి ఏర్పాటే, కానీ ఆ హెచ్చరిక దొంగకూ అందుతుంది. అందుకే దొంగతనం కంటే మరచిపోవడానికే ట్యాగు బాగా పనికొస్తుంది. ఆటోలో, విమానాశ్రయం తనిఖీ ట్రేలో, ఆర్టీసీ బస్సు పై అరలో బ్యాగు వదిలేసే అలవాటున్నవారు తప్పక కొనుక్కోవచ్చు. చోటు కనిపించింది కదా అని ఒంటరిగా వెళ్లి తలుపు తట్టవద్దు, ఆ వివరం పోలీసులకే ఇవ్వాలి.

బీమా

పొడిగించిన వారంటీ దొంగతనానికి వర్తించదు, పగిలిన తెరకు ఇచ్చే రక్షణ కూడా వర్తించదు. దొంగతనానికి ఇచ్చే పాలసీల్లోనూ, తలుపో తాళమో బలవంతంగా పగలగొట్టిన ఆనవాలు ఉండాలన్న షరతు, ఎవరూ లేని వాహనంలో వదిలితే చెల్లదన్న షరతు మామూలే. తలుపు తెరిచి ఉన్న హాస్టల్ గదిలో పోయినదానికి సొమ్ము రావడం కష్టమని దీని అర్థం. లక్ష దాటిన యంత్రాన్ని ఈఎంఐ మీద కొన్నవారు ఆ రెండు షరతులూ చదివి తీసుకోవచ్చు. నలభై వేల ల్యాప్‌టాప్‌కు అదే డబ్బు హార్డ్ డిస్కు మీద పెట్టడం మేలు. అమెరికాలో అద్దెకుంటున్న విద్యార్థులు తీసుకునే రెంటర్స్ ఇన్సూరెన్స్ సాధారణంగా ఇంటి బయట జరిగిన దొంగతనానికీ వర్తిస్తుంది. కానీ డిడక్టబుల్ (మనమే భరించవలసిన మొదటి మొత్తం) 500 డాలర్లు ఉంటే 600 డాలర్ల ల్యాప్‌టాప్‌కు చేతికి వచ్చేది వంద మాత్రమే.

ఎవరికి ఏ కలయిక

హాస్టల్ విద్యార్థికి డివైస్ ఎన్‌క్రిప్షన్, 15 జీబీ క్లౌడ్, తాళం పడే అల్మారా చాలు. మొత్తం ఖర్చు ఒక తాళంకప్ప ధర. ఇంటిల్లిపాదీ వాడే ల్యాప్‌టాప్‌కు ఎన్‌క్రిప్షన్‌తో పాటు ఫొటోల కోసం హార్డ్ డిస్కు ముఖ్యం, ట్రాకర్ అక్కరలేదు. ఊళ్లు తిరిగే ఆడిటర్‌కు విండోస్ ప్రో తీసుకోవడం, ముందస్తు పిన్ పెట్టడం, ట్యాలీ డేటాను రోజూ బయటికి తీయడం తప్పనిసరి అని నేను భావిస్తాను. పదుల సంఖ్యలో క్లయింట్ల పాన్, ఆధార్, బ్యాంకు వివరాలు ఆ ఒక్క యంత్రంలో ఉంటాయి. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, తగిన భద్రతా చర్యలు తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానాకు వీలు కల్పించింది. డిజిటల్ సంతకం టోకెన్‌ను యూఎస్‌బీకి తగిలించే వదిలేయడం, దాని మీదే స్టిక్కర్ అంటించి పిన్ రాసుకోవడం ఈ వృత్తిలో తరచూ కనిపించే అలవాటు. ఎంత గట్టి ఎన్‌క్రిప్షన్ పెట్టినా ఆ స్టిక్కర్ ఉన్నంతకాలం సంతకానికి రక్షణ లేదు.

ఆఫీసు ల్యాప్‌టాప్ మోసేవారు సొంతంగా ఏదీ ఎంచుకోనక్కరలేదు, మార్చకూడదు కూడా. వారి బాధ్యత వేరే. పోయిందని తెలిసిన గంటలోనే ఐటీ విభాగానికి చెప్పాలి. సైబర్ భద్రతా ఘటనలను సంస్థలు గుర్తించిన ఆరు గంటల్లోపు తెలపాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. మాట పడాల్సి వస్తుందన్న భయంతో మర్నాటి దాకా ఆగితే, దూరం నుంచి చెరిపే అవకాశం, చెప్పవలసిన గడువు రెండూ చేజారిపోతాయి.

పోయిన తరవాత మొదటి గంట

ముందు ఫోన్ నుంచి మెయిల్ పాస్‌వర్డ్ మార్చాలి, ఎందుకంటే మిగతా పాస్‌వర్డులన్నీ మార్చుకునే దారి మెయిల్ గుండానే పోతుంది. గూగుల్ అకౌంట్‌లోని పరికరాల జాబితాలో ఆ ల్యాప్‌టాప్‌ను సైన్ అవుట్ చేయాలి. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచి దాన్ని తొలగించాలి. బ్రౌజర్‌లో దాచిన బ్యాంకు పాస్‌వర్డులు ఆ తరవాత మార్చాలి. డిజిటల్ సంతకం టోకెన్ కూడా పోతే, దాన్ని జారీ చేసిన సంస్థకు రాసి సర్టిఫికెట్ రద్దు చేయించాలి.

ఫిర్యాదుకు పోయిన చోటి స్టేషనే వెతుక్కోనక్కరలేదు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపితే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం చేయాలి. రైల్లో పోతే 139కి ఫోన్ చేయవచ్చు. ఫిర్యాదులో మోడల్ పేరుతో పాటు సీరియల్ నంబరు తప్పక ఉండాలి. ఎప్పుడైనా ఎక్కడైనా ఆ ల్యాప్‌టాప్ పట్టుబడితే అది మీదేనని తేల్చేది ఆ నంబరే. అది యంత్రం అడుగున, కొన్న పెట్టె మీద ఉంటుంది, చాలా బిల్లుల మీదా ఉంటుంది. ల్యాప్‌టాప్ ఇప్పుడు ఎదురుగానే ఉంటే తిరగేసి ఆ చీటీని ఫోన్‌తో ఫొటో తీసి, మీ మెయిల్‌కే పంపుకుని ఉంచండి.